రెండవవైపు పాట



నేటి నా ప్రసంగమునకు విషయము వేదము గాదు, పురాణము గాదు, మన రాజుల చరిత్రమును గాదు. 1978వ సంవత్సరమున అమెరికాదేశమున వెలువడిన యొక నృత్యగీతము యొక్క కథ. ముప్పది సంవత్సరములకు పైగా బాలురకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొనిన యొక ముదుసలి పంతులునకు పరదేశపు ఆటపాటలతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ప్రసంగాంతమున మనవి చేసికొందును. అంతవరకు ఓపికతో వినవేడెదను.

ముందుగా గ్రామఫోను రికార్డును గూర్చి యొక మాట. మీలో చాలమంది దానిని ప్లేటనియే పిలిచియుందురు. మా తాతగారి యింట అట్టివి కొన్ని యుండెడివి. వానిలో నాటకపద్యములే యెక్కువ. ప్రతి ప్లేటునకును రెండు వైపులు. అమ్ముడుపోవునని వ్యాపారి నమ్మిన పద్యము ముందువైపున నుండును. రెండవవైపు ఊరక విడువరాదు గనుక అచ్చట మఱియొక పద్యముండును. చిన్నతనమున నేనొక వింత గమనించితిని. ఒక ప్లేటు ముందువైపు క్రొత్తదానివలె మెఱయుచుండెను. వెనుకవైపు మాత్రము సూది తిరిగి తిరిగి అరిగి తెల్లబడి యుండెను. వ్యాపారి యెన్నుకొన్నది యొకటి, మా తాతగారు ఎన్నుకొన్నది మఱియొకటి. నేడు నేను చెప్పబోవునదియు అట్టి వెనుకవైపు పాటయే. దాని పేరు ‘ఐ విల్ సర్వైవ్’. ‘నేను బ్రతికియే తీరుదును’ అని దాని కర్థము. పాడినది గ్లోరియా గేనర్ అను నల్లజాతి గాయని.

ఈ పాట యే సంప్రదాయమునకు చెందినదో తెలియకున్న దాని కథ బోధపడదు. అమెరికాలోని నల్లజాతివారు తరతరములు బానిసలై పరుల పొలములలో చాకిరి చేసిరి. 1865లో చట్టము వారిని విడిపించినది గాని, అవమానము వారిని విడువలేదు. ప్రార్థనామందిరములలో నలుగురు కూడి పాడుకొను భక్తిగీతములే వారికి ఊఱట. ఆ గానరీతిని ప్రేమకును విరహమునకును మరల్చగా, 1950 తరువాతి కాలమున ‘సోల్’ అను సంగీతము రూపుగట్టినది. సోల్ అనగా ఆత్మ. స్వరశుద్ధికంటె హృదయావేదనకు అందు పెద్దపీట.

1970 ప్రాంతమున న్యూయార్కు మొదలగు నగరములలో రాత్రివేళ జనులు కూడి నృత్యము చేయు శాలలు పెరిగెను. అచ్చట వాద్యగాండ్రు లేరు. ఒకడు రెండు యంత్రములపై రికార్డులు వేయుచు, ఒకటి ముగియకమునుపే రెండవదానిని కలుపుచు, తాళము తెగకుండ నడిపించును. వానిని డి.జె. అందురు. తొలినాళ్లలో ఆ శాలలకు పోయినవారిలో నల్లజాతివారును, స్పానిషుభాష మాటలాడువారును, స్వలింగప్రేమగల పురుషులును హెచ్చుగా నుండిరి. అనగా, ఇతరచోట్ల తలయెత్తుకొని తిరుగ వీలులేనివారికి అది యొక నిలువనీడ. వారి అడుగులకు తగినట్లు సోల్ గానమునకు ఎడతెగని నాలుగు దెబ్బల తాళము కూర్పగా ఏర్పడినది డిస్కో సంగీతము.

గ్లోరియా గేనర్ 1943లో న్యూజెర్సీ రాష్ట్రమందలి న్యూవార్కు పట్టణమున జన్మించెను. ఆమె పాడిన ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’ అను పాట 1974 చివర ప్రసిద్ధి కెక్కి, 1975 జనవరిలో అమెరికా జనాదరణపట్టికయందు 9వ స్థానమును చేరెను. ఆ పేరుతోనే వచ్చిన పెద్ద రికార్డులో టామ్ మౌల్టన్ అను నతడు ఒకవైపునున్న మూడు పాటలను నడుమ విరామము లేకుండ ఒక్కటిగా కలిపెను. అది సుమారు 19 నిమిషములు నడచును. నాట్యశాలలవారికి అది పండుగయైనది. గేనర్‌ను డిస్కోరాణి యని కొనియాడిరి.

కాని కీర్తి నీటిబుడగ వంటిది. తరువాతి రికార్డులకు అంతటి ఆదరము కలుగలేదు. డోనా సమ్మర్ మొదలగు క్రొత్త గాయనులు ముందునకు వచ్చిరి. ఇట్లుండగా 1978లో న్యూయార్కున వేదికపై పాడుచు నాడుచు నుండినపుడు గేనర్ కాలికి ఒక యంత్రము తగిలి ఆమె వెనుకకు పడెను. వెంటనే లేచి కార్యక్రమమును ముగించెను గాని, మఱునాటి ఉదయమున నడుము క్రింది భాగము కదలలేదు. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగెను. చాలదినములు వైద్యశాలలో నుండవలసివచ్చెను. రికార్డుల సంస్థవారు తనతో ఒప్పందమును ముగింతురేమో యను దిగులును తోడయ్యెను. ముప్పదియైదేండ్ల వయసున ఆమె పని ముగిసినదని లోకము తలచుటకు అన్ని కారణములును సిద్ధముగా నుండెను.

ఆమె కథ నిట నిలిపి, ఆ పాటను వ్రాసినవాని కథ చెప్పవలెను. అతని పేరు డీనో ఫెకారిస్. బెర్రీ గోర్డీ అను నల్లజాతి వర్తకుడు 1959లో స్థాపించిన మోటౌన్ అను సుప్రసిద్ధ సంగీతసంస్థలో అతడు సుమారు ఏడేండ్లు జీతమునకు పాటలు వ్రాసెను. ఒకనాడు ఆ సంస్థవారు అతనిని పనినుండి తొలగించిరి. ఇంట కూర్చుండి, ఇక నేమి చేయుదునా యని క్రుంగియున్న వేళ టెలివిజను పెట్టగా, పూర్వము తాను ఒక చలనచిత్రమునకై వ్రాసిన పాటయే వినవచ్చెను. దానిని శుభశకునముగా భావించి, మంచముపై గంతులు వేసి, నేను నశింపను, బ్రతుకుదును, పాటలు వ్రాయుటయే నా వృత్తి యని తనకు తాను ధైర్యము చెప్పుకొనెనట. ఈ సంగతి అతడే తరువాత చెప్పియున్నాడు. ప్రియునిచే విడువబడిన స్త్రీ పలుకులుగా ప్రపంచమంతయు నెఱిగిన పాటకు బీజము, ఉద్యోగము పోయిన యొక పురుషుని దుఃఖమందున్నది!

ఫెకారిస్ తన స్నేహితుడైన ఫ్రెడీ పెరెన్‌తో కలిసి పనిచేయసాగెను. పెరెన్‌యు మోటౌన్ సంస్థలో పేరుపొందినవాడే. జాక్సన్ సోదరుల తొలిపాటలు కూర్చినవారిలో నొకడు. వీరిరువురకు గేనర్‌తో ఒక పాట చేయించు పని లభించెను. అయితే ఆ పాటను వీరెన్నుకొనలేదు. ‘సబ్‌స్టిట్యూట్’ అను పాట యొకటి, దక్షిణాఫ్రికాకు చెందిన క్లౌట్ అను బృందము పాడగా, 1978లో ఇంగ్లండులో మిక్కిలి అమ్ముడుపోయెను. దానినే గేనర్‌చే పాడించి అమెరికాలో అమ్మవలెనని పాలిడార్ సంస్థవారు నిశ్చయించిరి. రెండవవైపు పాటను తామే వ్రాసికొనుటకు అనుమతింపుడని పెరెన్, ఫెకారిస్‌లు కోరిరి. వెనుకవైపును గూర్చి ఎవరికిని పట్టింపు లేదు గనుక ఆ కోరిక నెఱవేరెను.

వారు గేనర్‌ను పిలిచి, నీ మనస్సునకు నచ్చు విషయములేవి యని యడిగి, విని, తాము వ్రాసిన పాటను చూపిరి. అది గోధుమరంగు కాగితపు సంచిపై వ్రాసి యుండెనని ఆమె పలుమాఱులు చెప్పినది. చదువగానే ఆమె, ఇంత గొప్ప పాటను వెనుకవైపున వేయుదురా, బుద్ధి యుండియే చేయుచున్నారా యని యడిగెనట. పక్కటెముకలనుండి తుంటివఱకు బిగించిన పట్టీతో నిలువబడి ఆమె ఆ పాటను పాడెను. కొన్నియేండ్లకు ముందు కన్నుమూసిన తన తల్లిని తలచుకొని పాడితినని ఆమె చెప్పియున్నది. ప్రియుని ప్రస్తావన పాటలోనిది. వెన్నునొప్పియు మాతృవియోగమును ఆమెవి. ఉద్యోగము పోయిన దిగులు కవిది. ముగ్గురి దుఃఖము నొక్క గొంతున పలికినది.

ఆ పాట కూర్పును గూర్చి కొంచెము చెప్పెదను. మన విద్వాంసులు కీర్తనకు ముందు తాళము లేని ఆలాపన చేయుదురు గదా! ఇందును ప్రారంభమున పియానోపై యొక్క విసురు విసరి, తాళము లేకయే గాయని తన భయమును చెప్పుకొనును. పిదప మద్దెల నాదము ప్రవేశించును; భయము ధైర్యముగా మాఱును. పల్లవి యొక తీరు, చరణము వేఱొక తీరు అను భేదము లేదు. ఒక్క స్వరసంపుటముల వరుసయే మొదటినుండి తుదివఱకు చక్రమువలె తిరుగుచుండును. తిరిగినకొలది గొంతు బలపడును. వెనుక వంతపాడువారు లేరు. అలంకారములు తక్కువ. వెనుకవైపు పాట గదా యని వ్యయము చేయకుంటచే కలిగిన ఆ నిరాడంబరతయే దానికి భూషణమైనది. ఒంటరి స్త్రీ పలుకులకు వంతపాట యేల?

1978 శరత్కాలమున రికార్డు వెలువడినది. ముందువైపున ‘సబ్‌స్టిట్యూట్’, వెనుకవైపున మన పాట. వైపులను మార్పుడని గేనర్ ప్రాధేయపడెను గాని సంస్థవారు వినలేదు. అప్పుడామె రికార్డులను తీసికొని న్యూయార్కులోని ‘స్టూడియో 54’ అను ప్రసిద్ధ నాట్యశాలకు పోయి, రిచీ కాజర్ అను డి.జె. చేతికిచ్చెను. అతడు వెనుకవైపు వేసెను. అచ్చటి జనులు మొదటిసారి వినగానే ఆ పాటను తమదిగా జేసికొనిరని ఆమె చెప్పినది. క్రొత్త పాటను నాట్యశాలలోనివారు అంత సులభముగా మెచ్చుకొనరు. అది ఆమెకే ఆశ్చర్యము కలిగించెను. ఆమె మఱికొన్ని ప్రతులను అతనికిచ్చి, తోడి డి.జె.లకు పంచుమని కోరెను. నాట్యశాలలలో విన్నవారు మఱునాడు రేడియోనిలయములకు ఆ పాట కావలెనని వర్తమానములు పంపసాగిరి. బోస్టను నగరమున జాక్ కింగ్ అను నతడును రికార్డు త్రిప్పి మాటిమాటికి వేసి తన శ్రోతలను ఉఱ్ఱూతలూగించెను. తుదకు సంస్థవారు తమ తప్పు దిద్దుకొని, వెనుకవైపును ముందువైపుగా జేసి రికార్డును మరల విడుదల చేసిరి.

అమెరికాలో బిల్‌బోర్డు అను పత్రిక వారము వారము 100 పాటల పట్టిక ప్రకటించును. ఆ కాలమున దుకాణములనుండి అమ్మకముల వివరములును, రేడియోనిలయములనుండి ప్రసారముల వివరములును తెప్పించుకొని స్థానములు నిర్ణయించెడివారు. ఆ పట్టికలో 1979 మార్చి 10వ తేదీ వారమున ‘ఐ విల్ సర్వైవ్’ ప్రథమస్థానము నందెను. రెండువారములు నిలిచి, బీజీస్ అను సోదరబృందము వారి పాటకు చోటిచ్చి దిగెను. ఒకసారి దిగిన పాట మరల పైకెక్కుట అరుదు. ఇది మాత్రము ఏప్రిల్ 7వ తేదీ వారమున తిరిగి ప్రథమస్థానమున కెక్కెను! పేరునకు తగిన పనియే చేసినది. ఇంగ్లండులో మార్చి మధ్యనుండి నాలుగువారములు వరుసగా అదియే మొదటిది. అమెరికాలో దానికి ప్లాటినము పతకము లభించెను. ఆనాటి నియమము ప్రకారము 20 లక్షల ప్రతులు పోయిన పాటకే ఆ గౌరవము. 1980 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానములు ఇచ్చుచు, ఉత్తమ డిస్కో గీతమునకై క్రొత్తగా నొక బహుమానమేర్పఱచి దీనికే యిచ్చిరి.

ఆ బహుమానమును అదివఱకెన్నడును ఇయ్యలేదు, అటుపిమ్మటను ఇయ్యలేదు. మఱుసటి యేటికే ఎత్తివేసిరి. ఏలన, ఆ నడుమ డిస్కోపై పెద్ద తిరుగుబాటు జరిగినది. దాని కథయు ఉద్యోగము పోయిన యొకనితోనే మొదలగును.

షికాగో నగరమున స్టీవ్ డాల్ అను రేడియో ప్రసారకుడుండెను. అతడు రాక్ సంగీతమునకు చెందినవాడు. 1978 డిసెంబరులో అతడు పనిచేయు నిలయమువారు ఇకమీద డిస్కోయే ప్రసారము చేయుదుమని నిర్ణయించి అతనిని తొలగించిరి. అతడు వేఱొక నిలయమునకు పోయి అనుదినము డిస్కోను పరిహసింపసాగెను. 1979 జూలై 12వ తేదీన కోమిస్కీ పార్కు అను క్రీడాస్థలమున రెండు బేస్‌బాల్ ఆటల నడుమ నొక వేడుక యేర్పాటు చేసిరి. డిస్కో రికార్డు నొకదానిని తెచ్చినవారికి ప్రవేశము 98 సెంట్లకే. సుమారు 50,000 మంది వచ్చిరి. వారు తెచ్చిన రికార్డులను మైదానము నడుమ కుప్పవోసి మందుపెట్టి పేల్చిరి. జనము మైదానములోనికి దుమికిరి. పోలీసులు రావలసివచ్చెను. రెండవ ఆట సాగనేలేదు. తనకు జాతిద్వేషము లేదని డాల్ తరువాత చెప్పెను. ఆ మాటను నేను కాదనను. కాని ఆనాడు అచ్చట పనిచేయుచుండిన యొక నల్లజాతి యువకుడు, జనులు తెచ్చిన రికార్డులలో డిస్కోతో సంబంధమే లేని నల్లజాతి గాయకుల రికార్డులును చాల నుండెనని చెప్పియున్నాడు. పాటపై కోపము పాడువారిపై కోపముగా మాఱుటకు ఎంతో దూరము లేదు.

పెద్దలారా, ఇందు మనము తలపోయవలసిన సంగతి యొకటి కలదు. ఫెకారిస్‌కును డాల్‌కును ఒకటే కష్టము వచ్చెను. ఇరువురును కొలువునుండి తొలగింపబడినవారే. ఒకడు ఆ బాధను పాటగా మార్చెను. రెండవవాడు ఆ బాధను మందుగుండుగా మార్చెను. ఆ పేలుడు ఒక్క సాయంకాలపు ముచ్చట. కొన్ని మాసములలో డిస్కో అను పేరు చెప్పుటకే వ్యాపారులు జంకిరి. ఎన్నియో పాటలు మఱపున బడినవి. ఆ పాట మాత్రము పోలేదు. భర్తల దెబ్బలకు ఓర్వలేక ఇల్లు విడిచిన స్త్రీలు దానిని పాడుకొనిరి. 1980 తరువాత ఎయిడ్స్ వ్యాధి వ్యాపించి, నాట్యశాలల స్నేహితులు ఒకరి వెంట నొకరు రాలిపోవుచుండగా, మిగిలినవారు దానిని పాడుకొనిరి. మహారోగముల బారినుండి లేచినవారు తమ కథ అదియేనని గేనర్‌కు చెప్పుకొనిరి. 2016లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయము, జాతి భద్రపఱచుకొనవలసిన ధ్వనిముద్రణములలో దానిని చేర్చినది. 2020 జనవరిలో గేనర్ తన డెబ్బదియాఱవయేట ఒక భక్తిగీతముల సంపుటమునకు మరల గ్రామీ బహుమాన మందుకొనెను. మొదటి బహుమానమునకును రెండవదానికిని నడుమ నలువదియేండ్లు. ముందువైపున నుంచిన ‘సబ్‌స్టిట్యూట్’ను నేడు తలచువారరుదు. సబ్‌స్టిట్యూట్ అనగా ఒకరికి బదులుగా నిలుచునది. ఆ పేరే దానికి సార్థకమైనది.

ఇక నా ఋణము తీర్చుకొనవలెను. ఈ కథ నేనేల చెప్పితిని?

నేను పనిచేసిన బడిలో ఒకయేడు వ్యాసరచన పోటీ పెట్టితిమి. విషయము ‘విద్య వలన లాభములు’. తొమ్మిదవ తరగతి బాలుడొకడు కాగితము ముందువైపున నాలుగు పొడిమాటలు వ్రాసి యిచ్చెను. నేను ‘సామాన్యము’ అని వ్రాసి ప్రక్కన బెట్టితిని. విశ్రాంతి గైకొనిన పిమ్మట పాతపెట్టె సర్దుచుండగా ఆ కాగితము దొరికినది. త్రిప్పి చూచితిని. వెనుకవైపు నిండ సన్నని యక్షరములతో, తన తండ్రి అప్పు తీర్చుటకు కాడియెడ్లను సంతకు తోలుకొనిపోయిన దినమును ఆ బాలుడు వర్ణించియుండెను. ఎడ్లు పోయిన రాత్రి తన తల్లి అలవాటుకొలది కుడితితొట్టిలో నీరు పోసి, పిదప అటు చూచుచు నిలిచిపోయినదట. నా బోధనకాలమంతటిలో విద్యార్థి వ్రాసిన దానికంటె మంచి వాక్యము నేను చదువలేదు. దానిని నేను చదువుటకు పదునెనిమిదేండ్లు పట్టినది. ఆ బాలుడు పదవ తరగతితో చదువు మానివేసెను. ఇప్పుడెచ్చట నున్నాడో నాకు తెలియదు.

ఇటీవల మా చిన్నకుమార్తె ఈ పాటను వినిపించి దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పగా, నాకు మా తాతగారి ప్లేటును, ఆ కాగితమును ఒక్కసారి జ్ఞప్తికి వచ్చినవి. పాలిడార్ సంస్థవారి తప్పును నేడు అందఱును ఎఱుగుదురు. ఏలన, ఆ రికార్డును త్రిప్పి వేసిన చేయి యొకటి దొరికినది. నా తప్పు ఎవరికిని తెలియదు. ఏలన, ఆ కాగితమును త్రిప్పవలసిన చేయి నాదే.

మీ గ్రామములలో పంచాయతీ తీర్చువారు మీరే, బిడ్డల చదువును గూర్చి మాటచెప్పువారు మీరే, ఎవరిది యోగ్యత, ఎవరిది కాదు అని నిర్ణయించువారును చాలవఱకు మీరే. ఎదుటికి వచ్చిన దానిని ఒకవైపు చూచి ప్రక్కన బెట్టకుడు. ఒక్కసారి త్రిప్పి చూడుడు. ఇంతకన్న నేను చెప్పదగినది లేదు.